కొత్తావకాయ బంతి

పెద్దాపురం పాత సత్రంలో అచ్చాయమ్మ నడిపే హోటల్లో ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో వండుతారు. అందరూ ఒకే బంతిలో కూర్చుని తింటారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు శ్యాంబాబు మాత్రం రోజూ పార్సిలే పట్టుకెళ్లేవారు. చేతి వణుకుకి మెతుకులు చెదిరిపోతుంటే నలుగురిలో తినడానికి ఆయనకి సిగ్గు.

ఆవకాయ పెట్టిన రోజున, జాడీలకెత్తగా బేసిన్‌లో మిగిలినదాంట్లో అచ్చాయమ్మ వేడన్నం, నెయ్యి వేసి కలిపింది.

"ఈవేళ పార్సిళ్లు లేవండి మాస్టారూ. అందరికీ చేతిలో ముద్దే. రండి, కూర్చోండి."

కాదనలేక కూర్చుని, అందరితోపాటు చెయ్యి చాచారు. అది వణికింది. అచ్చాయమ్మ ముద్ద పెట్టి, నోటిదాకా వెళ్లేవరకూ ఆయన మణికట్టు వదల్లేదు. పక్కవాళ్లు కారానికి ఉస్సుబుస్సుమంటున్నారు. ఎవరూ ఇటు చూడలేదు.

మాస్టారు నెమ్మదిగా నమిలారు.

"ఉప్పు కాస్త తగ్గిందమ్మా!"

బంతంతా ఘొల్లున నవ్వింది. రెండో ముద్దకి అందరికన్నా ముందు ఆయనే చెయ్యి చాచారు.