గంజి చట్టి

పడుగుకు గంజి పట్టించేటప్పుడు హుసేనప్ప తల ఎత్తడు. వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గూటాలకు చాచి కట్టిన నిలువు పోగుల మీద కుంచె ఒత్తుకుంటూ నడుస్తాడు. అవతలి చివరి నుంచి మాదన్న రెండో కుంచెతో ఎదురు వస్తాడు. ఇద్దరి ఇళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఒకరి పడుగుకు ఇంకొకరు చెయ్యి వేయడం వాళ్ళ తండ్రుల నాటి నుంచీ ఉన్నదే. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కి తెగుతుంది. అందుకని ఎమ్మిగనూరులో నేతగాళ్ళ వీధులు పొద్దు పొడవకముందే మేలుకుంటాయి. మొదలుపెట్టిన పడుగును మధ్యలో వదలడానికి లేదు.

ఆ రోజు హుసేనప్ప తల ఎత్తాడు. పడుగు కింద కరియ లేదు.

కరియ అతని కుక్క. గంజి వాసనకు మేకలు వచ్చి పోగులు నమిలి తెంపుతాయి. వాటిని రానీయకుండా పడుగు నడిమధ్య కింద పడుకోవడం కరియ పని. గంజి పట్టించడం అయిపోయాక హుసేనప్ప తెగిన పోగుల ఉండతో చట్టిని తుడిచి, ఉండను చట్టిలోనే వదిలి, గోడ పక్కన పెడతాడు. అడుగున అంటుకున్నది కరియ నాకుతుంది. కరువు ఏట మగ్గాలు నిలిచిపోయి, అతను గంజి కేంద్రం ముందు వరుసలో నిలబడిన రోజుల్లో అది వెంట వచ్చింది. తన వంతు గంజిలో అడుగున కాస్త మిగిల్చి దాని ముందు పెట్టాడు. కరువు పోయింది, మగ్గాలు ఆడాయి, కుక్క మాత్రం ఉండిపోయింది.

ఇప్పుడది గోడ వారన కూర్చుని ఉంది. నోరు మూతపడడం లేదు. సొల్లు జారి కాళ్ళ ముందు మన్ను తడిసింది.

"అన్నా, నీ కుక్కను సూసినావా?" అన్నాడు మాదన్న, కుంచె ఆపకుండా. "సొల్లు కారుస్తాంది. నిన్న కూడా ఏం ముట్టల్యాదంట. మా ఇంటామె సెప్తాంది."

"ఎండకు."

"ఎండ యాడుందన్నా? ఇంకా పొద్దే పొడవల్యా."

హుసేనప్ప కుంచె పట్టిన చేతిని చూసుకున్నాడు. చిన్నప్పటి నుంచి గంజిలో నానిన వేళ్ళు అవి. కణుపుల దగ్గర చర్మం చీలి ఉంటుంది, ఒకచోట మానితే ఇంకోచోట చీలుతుంది. మొన్న సాయంత్రం కరియ ఆ వేళ్ళను నాకింది. ఏ వేలిని నాకింది? చీలిన వేలినా, పక్క వేలినా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. కుంచె కింద పోగు ఒకటి తెగింది. వంగి అతకబోయాడు. మొదటిసారి ముడి పడలేదు.

అతని తమ్ముడు పుల్లన్నను కుక్క కరిచింది పెళ్ళికాని రోజుల్లో. పిక్క మీద చిన్న గాటు. మిరప్పొడి అద్ది గుడ్డ కట్టారు, మానిపోయింది. ఇంట్లో అందరూ మరిచిపోయారు. ఒక మధ్యాహ్నం మగ్గం గుంటలో కూర్చున్న పుల్లన్న నీళ్ళు అడిగాడు. హుసేనప్ప చెంబు తెచ్చి ఇచ్చాడు. పుల్లన్న చెంబులోకి చూశాడు. గొంతు బిగుసుకుంది, చెంబు ఎగిరి గోడకు తగిలింది. ఆ తరువాత అతన్ని మంచానికి కట్టవలసి వచ్చింది. పడుగు తాడు తెచ్చి కట్టినవాడు హుసేనప్పే. కట్టు విప్పింది ప్రాణం పోయాకే.

పడుగు ఆరాక హుసేనప్ప ఎప్పటిలాగే చట్టి తుడిచి గోడ పక్కన పెట్టాడు. కరియ లేచి రాలేదు. అతను చేతులు మట్టితో రుద్ది కడిగి ఇంట్లోకి వెళ్ళి, చెంబుతో నీళ్ళు ముంచుకుని అందులోకి చూశాడు. తాగాడు. దిగాయి. ఇంకో చెంబు ముంచాడు.

"పొద్దున్నే ఇంత దప్పికేంది?" అంది భార్య అంజనమ్మ, రాట్నం దగ్గర నుంచి.

"ఊరికే."

కూతురు పురుడు పోసుకుని ఇంట్లోనే ఉంది. దూలానికి కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ ఏడ్చింది. మగ్గం గుంటలోకి దిగేముందు ఒక ఊపు ఊపి దిగడం హుసేనప్పకు అలవాటు.

"ఊపరాదా?" అంది అంజనమ్మ.

"సేతికి గంజుంది," అన్నాడు. అంజనమ్మ రాట్నం ఆపి అతని చేతుల వైపు చూసింది. తడిచేతులు అవి, ఇప్పుడే కడిగినవి.

మగ్గంలో ఉన్న పాత పడుగు ఆ రోజుతో ముగిసి, బట్ట నేతగాళ్ళ సంఘానికి చేరాలి. అతను నేశాడు. పేక పోగు మోసే నాడె అటు పోయి ఇటు వచ్చేలోపు గడపలోంచి గోడ వైపు చూశాడు. పశువుల ఆస్పత్రి కాంపౌండరు యేసేపు పొద్దున పల్లెలకు వెళితే సాయంత్రం గానీ ఆ వీధికి రాడు. అంతదాకా తెలుసుకునే దారి ఒకటే ఉందనుకున్నాడు హుసేనప్ప. నీళ్ళు పెట్టి చూడాలి. పెట్టాలని లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటాక పగిలిన మూకుడులో నీళ్ళు పోసి, కర్రతో కుక్క ముందుకు నెట్టాడు.

కరియ నీళ్ళను చూసింది. ముందుకు వచ్చింది. మూతి పెట్టింది. నీళ్ళు నోట్లోకి పోయి తిరిగి మూకుట్లోనే పడ్డాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే.

మాదన్న గోడ అవతల నుంచి చూస్తున్నాడు. చేతిలో దుడ్డుకర్ర ఉంది.

"తాగల్యా కదన్నా."

"తాగల్యా. అయితే బెదరల్యా, మాదా. నీళ్ళకు బెదురుతారు. నేను సూసినా."

"మనిషి బెదురుతాడు. కుక్క బెదురుతాదని ఎవురు సెప్పిరి నీకు?"

హుసేనప్ప మూకుడును కర్రతో వెనక్కి లాక్కున్నాడు.

"వీధి నిండా పిల్లోల్లుండారు. నీ ఇంట్లో పసిబిడ్డుంది. నీకు సేతగాకపోతే నేను కొడ్తా."

"పొద్దు వాలేదాకా ఆగు. కట్టేస్తా."

పడుగు తాడు తెచ్చి కరియను గుంజకు కట్టాడు. ముడి వేస్తుంటే ఆ ముడి ఇంతకుముందు వేసిందేనని చేతులకు తెలిసింది. అప్పుడు కూడా ఇట్లాగే రెండుసార్లు తిప్పి బిగించాడు. కరియ కదలకుండా కట్టించుకుంది. తోక కొంచెం ఆడించింది.

అతను గుంజ దగ్గరే నిలబడ్డాడు. తరువాత లోపలికి వెళ్ళి, తాను నేసిన తువ్వాలును మోచేతి దాకా చుట్టుకుని వచ్చాడు. అంజనమ్మ గడపలో అడ్డం నిలబడింది.

"ఏం సేస్తావు?"

"నోట్లో సూస్తా."

"నీకేమన్నా పట్టిందా? ఆ పుల్లన్నను సూసినోనివి నువ్వేనా?"

"సూసినా గాబట్టే," అన్నాడు. "ఊరికే కొట్టి సంపితే, నా సేతిలో ఏముందో నాకెట్ల తెలుస్తాది?"

అంజనమ్మకు పొద్దుటి చెంబులూ, ఉయ్యాలా అప్పుడు అర్థమయ్యాయి. చీర కొంగు నడుముకు దోపుకుని ముందు తనే కుక్క దగ్గరికి నడిచింది. దవడల మధ్య కర్ర అడ్డం పెట్టి, రెండు కొసలూ ఆమె పట్టుకుంది. కర్ర పళ్ళకు తగిలి చప్పుడవుతోంది. హుసేనప్ప తల వంచి చూశాడు. తువ్వాలు చుట్టిన వేళ్ళతో నాలుకను పైకెత్తాడు.

నాలుక అడుగున, దాని మొదలు దగ్గర ఒక పోగు కొక్కెంలా తగులుకుని కండను కోసుకుంటూ దిగి ఉంది. రెండు కొసలూ గొంతులోకి పోయాయి. ఎర్ర పోగు. చీర అంచుకు వాడే ఎరుపు.

అతను వెనక్కి కూలబడ్డాడు. కాసేపటికి నవ్వాడు.

"పిచ్చి కాదే. పోగు."

"కత్తెర తేనా?" అంది అంజనమ్మ.

"పోగును కోస్తారా ఎవురన్నా?"

చిక్కుపడిన నూలులో కత్తెర పెట్టినవాణ్ణి ఆ వీధిలో నేతగాడు అనరు. తండ్రి అతనికి మగ్గం కంటే ముందు నేర్పింది అదే. కొస దొరికేదాకా చూడు, లాగు, తగులుకుంటే వదులు చెయ్యి, మళ్ళీ లాగు. గుడ్డలోంచి పోగు వేళ్ళకు తెలియదు. తువ్వాలు విప్పి పారేసి, ఉత్త చెయ్యి నోట్లో పెట్టాడు.

పోగు వచ్చింది. మోచేతి పొడవు వచ్చి తగులుకుంది. వదులు చేశాడు, వేలి కొసతో తట్టి మళ్ళీ లాగాడు. వచ్చింది. ఇంకోచోట తగులుకుంది. కరియ ఒక్కసారి అరిచింది. అంతా వచ్చేసింది. చివరి జానెడు నెత్తుటితో తడిసి ఉంది.

మూకుడు ముందు పెడితే కరియ నీళ్ళు తాగింది. తాగుతున్న చప్పుడు గోడ అవతలికి కూడా వినపడింది. మాదన్న వచ్చి చూసి, దుడ్డుకర్ర గోడకు ఆనించాడు.

"కడుపులో మగ్గం పెట్టుకున్నట్టుందే నీ కుక్క. సంఘంలో సభ్యత్వం ఇప్పియ్యి దానికి."

అంజనమ్మ కింద పడిన పోగును వేళ్ళ మధ్య రుద్ది చూసింది. "మన అంచు నూలే ఇది. సట్టి తుడిసే ఉండలోది," అంది. హుసేనప్ప విననట్టు లోపలికి వెళ్ళాడు. ఉయ్యాలను ఊపాడు. నీళ్ళు ముంచుకుని, చెంబులోకి చూడకుండా తాగాడు. మిగిలిన బట్టను ఎక్కడా ఆగకుండా నేశాడు.

పొద్దు వాలే వేళకు బయటికి వచ్చేసరికి కరియ తాగిన నీళ్ళు కక్కి, పక్కకు పడుకుని ఉంది. పొట్ట మీద చెయ్యి వేశాడు. పలకలా గట్టిగా ఉంది. చెయ్యి వేసిన చోట చర్మం వణికింది. పొద్దుటి భయం తిరిగి వచ్చింది. ఈసారి అది తన చేతి గురించి కాదు.

యేసేపు సైకిలు దిగి, గోడకు ఆనించి వచ్చాడు. జరిగింది విన్నాడు. పొట్ట నొక్కాడు, కనురెప్పను తిప్పి చూశాడు, పోగును చూశాడు.

"లాగినావా హుసేనప్పా?"

"లాగినా. మెల్లగానే."

"నాలిక కింద పోగు కోసి ఇడిసిపెట్టింటే కొన్ని కుక్కలకు దానంతకదే బయటికి పోతాది. పేగు దాని మీద ముడుసుకొనుంటాది. లాగితే..." అని ఆగాడు. "కోసుకుంటాది."

"మందేం లేదా?"

"నా దగ్గర లేదప్పా." సైకిలు ఎక్కబోతూ హుసేనప్ప వేళ్ళు చూసి, "నీకేం భయం లేదులే. అది పిచ్చి కాదు," అన్నాడు.

పొద్దున్నుంచి వినాలనుకున్న మాట అది. విన్నాక దాన్ని ఏం చేసుకోవాలో హుసేనప్పకు తెలియలేదు.

తాడు విప్పాడు. కరియ లేచి, నాలుగు అడుగులు వేసి, పడుగు కట్టే చోట వీధి నడిమధ్య పడుకుంది. అతను పక్కన కూర్చున్నాడు. ఒక ఎద్దులబండి వచ్చింది. బండి తోలేవాడు ఇద్దరినీ చూసి, ఏమీ అడగకుండా ఓరగా తోలుకుపోయాడు. ఇళ్ళలో దీపాలు పెడుతుండగా కరియ చెవి కదలడం ఆగింది. గడ్డపార తెచ్చింది మాదన్న. ఊరి బయట తుమ్మల దగ్గర ఇద్దరూ గుంత తవ్వి పూడ్చారు.

మరునాడు మాదన్న పడుగు వంతు. పొద్దు పొడవకముందే మేకలు వచ్చాయి. హుసేనప్ప కుంచె కింద పెట్టి వాటిని తోలి వచ్చాడు, మళ్ళీ కుంచె అందుకున్నాడు. అవతలి చివరి నుంచి మాదన్న తొందర పెట్టలేదు. గోడ పక్కన, నిన్న పెట్టిన చోటే, హుసేనప్ప గంజి చట్టి ఉంది. అడుగున గంజి ఎండి పెచ్చులు లేచింది, అందులో ఎర్ర పోగుల ఉండ అంటుకుని ఉంది.