భీమమ్మ బూడిద శేరు

యరమరస్‌లో తెల్లారిందంటే ముందు మంచాలు దులపాలి, ఆ తర్వాతే పొయ్యి. కరెంటు ప్లాంటు పొగగొట్టం లేచినప్పటి నుంచి ఊరంతటికీ ఇదే పని. బూడిద అందరి మీదా పడుతుంది గానీ, అందరి మీదా నిలవదు. ఫోన్ మీదికి వంగినవాళ్ళ మీదే నిలుస్తుంది. కాసేపు చూస్తే కనుబొమ్మల మీద పిండి జల్లినట్టు, పొద్దంతా చూస్తే మెడ దాకా. తలుపులు మూసుకున్నా, దుప్పటి కప్పుకున్నా అంతే. ఎదురింటి హంపయ్య క్రికెట్ చూసీ చూసీ నెత్తిన గుట్ట పెంచుకుంటే, దాని మీదికెక్కిన మేకను నిచ్చెన వేసి దించారు.

ఆ బూడిదను కొలిచేది భీమమ్మ. జొన్నచేను ప్లాంటు కిందికి పోయాక ఆమె ఇత్తడి శేరుకు కొలవడానికి గింజ లేకుండా పోయింది. చేతికి మాత్రం అలవాటు పోలేదు. పొద్దున్నే గడపగడపకూ పోయి, బూడిదను చీపురుతో కుప్ప చేసి, జొన్నలు కొలిచినట్టే కొలిచేది. కళ్ళంలో మొదటి శేరును ఎవరూ ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆమె కూడా అంతే. "లాభం... రెండు... మూడు..." కుప్పకొక లాభం.

ఆ ఏడాది రాయచూరు నుంచి డాక్టర్లు వచ్చి, మామూలు జనంలో ఇంటర్నెట్ పిచ్చి ఎంతుందో కొలవాలన్నారు. భీమమ్మ కోడలు నేత్ర చేతిలో ట్యాబ్ పెట్టి, ఇరవై ప్రశ్నలు అప్పగించారు. నేత్ర ఇల్లిల్లూ తిరిగింది. చెప్పులు అరిగి పట్టీలే మిగిలాయి. ఏ ఇంట్లో అడిగినా ఒకటే జవాబు.

"ఫోనా? నేను ముట్టనే ముట్టనమ్మా," అన్నాడు హంపయ్య. నోరు తెరిచేసరికి లోపలికి రాలిన బూడిదకు తుమ్మాడు. ఆ తుమ్ముకు వీధి చివర ఆరేసిన చీరలన్నీ మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. నేత్ర "లేనే లేదు" అన్న గడి నొక్కి లేచింది. వాదించే ఓపిక లేదు.

ఇంటి దగ్గర అసలే లేదు. మొగుడు అమరేశ్‌కు ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు దగ్గర పని. డ్యూటీ దిగొచ్చి ఫోన్‌లోకి పోయాడంటే, పళ్ళెంలో అన్నం ఎండి పెచ్చులు లేచేది. సర్వే ముగిసిన రోజే తుర్విహాళలోని పుట్టింటికి పోతానని, మళ్ళీ రానని, నేత్ర అత్తకు చెప్పేసింది.

సర్వే ముగిసిన సాయంత్రం బ్యాగు సర్ది నడింట్లో పెట్టింది.

"ఇంకొక ఇల్లు మిగిలింది గద," అంది భీమమ్మ.

"ఏ ఇల్లత్తమ్మా?"

"మనదే. ఊరందర్ని అడిగి ఇంట్లోన్ని ఇడిసిపెడ్తవా?"

నేత్ర నిట్టూర్చి అమరేశ్ ఎదురుగా కూలబడింది. తల ట్యాబ్‌లోనే ఉంచి అడిగింది. "అనుకున్నదానికంటె ఎక్కువసేపు చూస్తవా?"

"చూస్త."

ఊళ్ళో ఆమెకు దొరికిన మొదటి నిజం అది. "ఎందుకు?" అనేసింది. ఆ ప్రశ్న ట్యాబ్‌లో లేదు.

"బెల్టు మోత చెవులల్లకెల్లి పోతలేదు నేత్రా. ఈ ఫోన్ల చూసినంతసేపే ఇనబడది."

అతని భుజం మీది బూడిద కొంచెం జారింది.

"ఇంట్లోళ్ళతోని మాట్లాడుడు తగ్గిందా?"

"ఎవరితోని మాట్లాడాలె? నువ్వు పొద్దున లేస్తె దాంట్లనే ఉంటవు. కూర మాడినా తల లేపవు."

"నాది డ్యూటీ!"

"డ్యూటీ అని బూడిదకేం తెలుసు?"

అప్పుడు చూసుకుంది నేత్ర. ఒడి నిండా బూడిద. కొంగు లాగితే రాలేదు. ఇన్నాళ్ళూ ఊరందరి భుజాలూ చూస్తూ తిరిగింది గానీ తన భుజం చూసుకోలేదు. భీమమ్మ ఎప్పుడో చూసింది. అడగనిదే చెప్పడమెందుకని ఊరుకుంది.

"మిగిలినయి అడుగు," అన్నాడు అమరేశ్.

నేత్ర ట్యాబ్ బోర్లించి అడిగింది. ఇరవైలో ఉన్నవీ, లేనివీ. "నేను పోతే ఏం జేస్తవు?" అనేది లేనిదే.

అమరేశ్ ఫోన్ బోర్లించాడు. "గీ మోత ఒక్కన్నే ఇనాలె," అన్నాడు.

ఇద్దరి మీది నుంచీ బూడిద ధార కట్టింది. నడిల్లు నిండి, బ్యాగు మునిగి, పైకి పిడులు కూడా కనబడలేదు. బయట ఆమె ఎక్కాల్సిన సింధనూరు బస్సు హారన్ కొట్టింది. తవ్వాలంటే ఓపిక కావాలి. ఇద్దరికీ లేదు.

భీమమ్మ శేరు తెచ్చింది. కొడుకు వైపు నుంచి మొదలుపెట్టింది. "లాభం... రెండు..." కోడలి వైపుకు వచ్చినా లెక్క ఆపలేదు.

"అత్తమ్మా, నాది వేరే కుప్ప. లాభం నుంచి మొదలువెట్టు."

"ఒక్క నడింట్ల రెండు కుప్పలు యాడియే పిచ్చిదానా? చీపురందుకో!"

బస్సు వెళ్ళిపోయింది. నేత్ర బూడిదను అత్త వైపు నెట్టింది, అమరేశ్ చాట పట్టాడు. లెక్క లక్ష దాటిందని భీమమ్మ తర్వాత ఊరంతా చెప్పుకుంది.

మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఊడిస్తే శేరు సగమే నిండింది. భీమమ్మ ఆ సగాన్నే ఎత్తి, "లాభం" అని, హంపయ్య ఇంటికి నడిచింది.