పూజలో పెట్టిన బేస్ గిటార్

నాకు కోపం శానా. మా అమ్మ హంపమ్మ మాటల్లో చెప్పాలంటే, ఉప్పు తక్కువైందని కూరతో గూడ కొట్లాడే రకం నేను. కానీ ఆ మహర్నవమి పొద్దు నాకొచ్చిన కోపం న్యాయమైందే. విన్నాక మీరే చెప్పండి.

ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. నాయన కాశన్న ఇప్పటికీ గుంత మగ్గంలో కాళ్ళు పెట్టి నేస్తాడు. నేను బస్టాండు పక్క ల్యాబ్‌లో రక్తం తీసే పని చేస్తాండా. ఆ పని బువ్వకు. ప్రాణమంతా బేస్ గిటార్ మీదే. దానికి నాలుగు లావు తీగలు. మామూలు గిటార్‌కు ఆరు తీగలు, అది ముందర నిలబడి ముద్దుముద్దుగా పలుకుతాది. బేస్ అడుగున ఉండి పాటను మోస్తాది. అది ఉంటే ఎవరికీ తెలీదు, ల్యాకుంటే పాట బోసిగా ఉంటాది.

నా గిటార్ కడప నుంచి వచ్చింది. మా బ్యాండులో డ్రమ్మర్ ఏసుబాబుది కడపే. వాళ్ళ చర్చిలో కొత్తది కొని, పాతదాన్ని బీరువా వెనక పడేస్తే, అడిగి నాకు తెచ్చిచ్చినాడు. రంగు లేచిపోయింది, మెడ కొంచెం వంగింది. వంకర నేనే సరిచేసుకున్నా. దాని మోత పెంచే పెట్టె, యాంప్, బియ్యం మూటంత బరువు. సూట్‌కేసులు తోసుకుపోయే చక్రాల బండి ఒకటి కొని దానికి కట్టినా. బస్సు కండక్టర్లకు నేనంటే హడల్.

ఇంగ మా కచేరీల సంగతి వినండి. కడపలో మొదటిసారి వాయించినప్పుడు ఒకాయన గ్లాసు పట్టుకుని దగ్గరికొచ్చి, "నాలుగే ఉండాయే పాపా, మిగతా రెండు తీగలు తెగిపోయినాయా?" అన్నాడు. డోన్‌లో సర్వర్ నా యాంప్ మీద ప్లేట్లు పెట్టిపోయినాడు. లావు తీగ మీటేసరికి ప్లేట్లన్నీ నడుచుకుంటా పోయి కింద పడినాయి. పోయిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, "పాట ఎప్పుడు పాడతావమ్మా?" అని. ఆడపిల్ల స్టేజీ ఎక్కితే పాడాల్సిందేనా? "నేను పాడితే మీరు తాగిందంతా దిగిపోతాదప్పా" అని చెప్పేదాన్ని.

పాడేది క్రాంతి కుమార్. కర్నూలు పిల్లోడు. లీడ్ గిటార్ వాడే వాయిస్తాడు. చెయ్యి బంగారం, నోరే మంచిది కాదు. ఎండాకాలం గూడ మోకాళ్ళ దాకా లేసుల బూట్లు వేసుకుంటాడు. వానికి కొత్తగా ల్యాప్‌టాప్ పిచ్చి పట్టింది. బేస్ ముక్కలన్నీ అందులో ముందే రికార్డు చేసి పెట్టుకుంటే మనిషితో పని ల్యాదంట.

కర్నూలులో నంద్యాల చెక్‌పోస్ట్ దాటినాక 'బురుజు' అని కొత్త పబ్బు తెరిచినారు. దాని ఓనరు భూపేష్ మమ్మల్ని మహర్నవమి సాయంత్రం వాయించమన్నాడు. మరుసటి రోజు దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడినాయి. ఆ పొద్దు మందు బందు. కాబట్టి జనమంతా ముందురోజే ఎగబడతారు. నచ్చితే ప్రతి శనివారం మాకే ఇస్తానన్నాడు. అప్పుడు క్రాంతి నా మొగం చూసి చెప్పినాడు, "శశీ, ఆ రోజు నువ్వు రాకపోయినా, వచ్చి తడబడినా, ఇంగ ల్యాప్‌టాప్పే. నీ బేస్ ఎట్లాగూ ఎవరికీ వినబడదు."

"చూద్దాం లేప్పా" అన్నా. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయినా. మూడేండ్లు వేళ్ళు బొబ్బలెక్కేలా నేర్చుకున్నా. ఒక పెట్టెకు నా చోటు ఇచ్చేదా? చచ్చినా ఇయ్యను.

మహర్నవమి పొద్దు ల్యాబ్‌లో సగం పూట పని చేసి ఇంటికొచ్చినా. గిటార్ తీసుకుని మూడు గంటల బస్సు ఎక్కాల. పడసాలలో అడుగు పెడితే సాంబ్రాణి పొగ. ఆయుధ పూజ అయిపోయింది. మగ్గానికి బంతిపూల తోరణం కట్టినారు. ముందర పోగు నేసే నాడెలు, నూలు చుట్టే కండెలు, కత్తెర వరసగా పేర్చినారు. వాటి నడుమ, పీట మీద, నా బేస్ గిటార్!

మెడకు దండ. మరలకు పసుపు బొట్లు. తీగల మీద పసుపు, కుంకుమ. దాని ముందరే టెంకాయ కొట్టినారు. ఆ నీళ్ళు వైరు గుచ్చే రంధ్రంలోకి కారి, తడి ఇంకా మెరుస్తాండాది.

"అమ్మా! ఏం పని చేసినావే ఇది?" అని అరిచినా. ఎదురింటోళ్ళు గూడ బయటికొచ్చినారు.

అమ్మ తాపీగా చేతులు తుడుచుకుంటా, "పూజ చేసినా. కనపడ్లేదా?" అనింది.

"సాయంత్రం కచేరీ ఉండాది! అదిచ్చెయ్, పోవాల."

"యాడికి పోయేది? పూజకెక్కిన పనిముట్టును రేపు ఉద్వాసన చెప్పేదాకా ముట్టరాదు. మీ నాయన మగ్గం ముడతాండాడా? నువ్వెట్ల ముడతావు?"

అది మా ఇంటి కట్టు. నాకు తెలీక కాదు. చిన్నప్పుడు మహర్నవమి పొద్దు కత్తెర ముట్టుకున్నానని వీపు చిట్లగొట్టింది ఇదే అమ్మ.

"నిన్నటిదాకా దాన్ని తుమ్మ మొద్దు అన్నావు గదా! ఈ పొద్దు పనిముట్టు ఎట్లయ్యింది?"

అమ్మ కొంచెం తగ్గింది. "ఏమోనే. నువ్వు దాన్ని పట్టుకునేముందు ప్రతిసారీ చెప్పులిడుస్తావు. మీ నాయన గూడ అంతే, చెప్పులిడవకుండా మగ్గం గుంతలో దిగడు. ఊరికే ఆట వస్తువైతే చెప్పులెందుకు ఇడుస్తావు? పాపం, నీ పని గూడ పనేగదా అని పెట్టినా."

నేను చెప్పులిడిచేది భక్తికి కాదు. గోల ఎక్కువున్నచోట బేస్ మనకే వినబడదు. వట్టికాళ్ళతో నిలబడితే దాని అదురు నేలలోంచి పాదాలకు తెలుస్తాది. అంతే. కానీ అది చెప్పబుద్ధి కాలేదు. 'నీ పని గూడ పనే' అనే మాట కోసం మూడేండ్లుగా కాసుకుని కూర్చున్నా. ఆ మాట వచ్చింది, వచ్చి సరిగ్గా నా కాళ్ళకే అడ్డం పడింది. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి తన్నుకొచ్చినాయి.

కానీ ఏడుస్తా కూర్చుంటే అక్కడ ల్యాప్‌టాప్ నవ్వుతాది. కండ్లు తుడుచుకుని అడిగినా, "సరే. ఆర్టీసీ బస్సులకు గూడ ఈ పొద్దు పూజ చేసినారు గదా. అవి నిలబడినాయా?"

"బండ్ల సంగతి వేరే. నిమ్మకాయలు తొక్కించినాక బండి పోవచ్చు."

"మరి నా గిటార్ మగ్గమా, బండా? మగ్గం ఇంట్లోనే ఉంటాది. ఇది ఊర్లు తిరుగుతాది. కడపకు పోయొచ్చింది, డోన్‌కు పోయొచ్చింది."

"దానికి చక్రాలు యాడున్నాయే, తిక్కలదానా?"

మగ్గం పక్కన కూర్చోనున్న నాయన లేచినాడు. మూలనున్న యాంప్‌ను బరబరా తోసుకొచ్చి, గిటార్ వైరు దానికి గుచ్చి, అమ్మ దిక్కు చూసినాడు. "ఇవిగో చక్రాలు. రెండూ కలిస్తేనే బండి" అని పళ్ళెంలోంచి నాలుగు నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టినాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు. మా ఇంట్లో పూజారి అమ్మే. ఆమె చౌడమ్మ తల్లి పటం దిక్కు శానా సేపు చూసింది. ఆ తర్వాత దండ తీసి, గిటార్‌ను పీట మీదనే కొంచెం జరిపి, ఏదో గొణుక్కుని, "తొక్కించు" అనింది. నాలుగు నిమ్మకాయలూ చిట్లినాయి. నేను గబగబా గిటార్ సంచిలో పెడతాంటే అమ్మ చీర కొంగు సర్దుకుంది.

"పూజ చేసిన వస్తువును ఒంటిగా పంపేది ల్యా. నేనూ వస్తా."

"అమ్మా, అది తాగేచోటు!"

"తాగేవాళ్ళను చూసిందాన్నే లేవే, పద."

మేము పోయేసరికి పబ్బులో టేబుళ్ళన్నీ నిండిపోయినాయి. క్రాంతి అప్పటికే స్టేజీ మీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకున్నాడు. భూపేష్ మా అమ్మను ఎగాదిగా చూసి, "ఈమె పాడతారా?" అన్నాడు. "నేను కాపలా" అనింది అమ్మ. ఆమెను ఫ్యామిలీ సెక్షన్‌లో కూర్చోబెట్టి నిమ్మకాయ సోడా చెప్పించినా.

మొదటి పాట ఎత్తుకున్నాం. నేను తీగ మీటినానో లేదో స్పీకర్‌లోంచి చరచరమని, కాగే నూనెలో నీళ్ళు పడినట్ల ఒకటే మోత. జనం చెవులు మూసుకున్నారు. టెంకాయ నీళ్ళు! క్రాంతి నా దిక్కు చూడను గూడ చూడలేదు. నా యాంప్ ఆపేసి, వాని ల్యాప్‌టాప్‌లో మీట నొక్కినాడు. నేను నేర్చుకున్న బేస్, నేను ల్యాకుండానే వినబడబట్టింది. స్టేజీ మీద దిష్టిబొమ్మ మాదిరి నిలబడినా. ఒళ్ళంతా మంట.

దిగిపోలేదు. దిగితే మళ్ళా ఎక్కనియ్యరని తెలుసు. డ్రమ్స్ వెనక నేల మీద కూర్చుని, కిచెన్ నుంచి తెప్పించిన చాకు మొనతో మరలు విప్పినా. వైరు గుచ్చే చోటంతా టెంకాయ నీళ్ళు ఎండి జిగటగా అంటుకున్నాయి. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండేవి రక్తం తీసేముందు చేతికి రాసే స్పిరిట్ దూదులు. ఒక్కొక్కటే చింపి తుడుస్తాంటే ఎవరో పక్కన వంగినారు. అమ్మ.

"ఏమైందే? నీ గిటార్ పలకదేం?"

"టెంకాయ నీళ్ళు పోయినాయి లోపలికి."

ఆమె మొగం చిన్నబోయింది. "నేనే పాడు చేసినానా?"

నేను నోరు తెరిస్తే తిట్లొస్తాయని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఎందుకో ఈసారి రాలేదు. "పాడేం కాలేదు. నీ కొంగుతో తీగలు తుడవకు, పసుపు అట్లే ఉండనీ. ఈ ఫోన్ లైటు పట్టుకో" అన్నా. ఆమె పట్టుకుంది. లైటు కదల్లేదు. వాల్యూమ్ మర కింద గూడ దూది పిండి, అటూ ఇటూ తిప్పుతానే ఉన్నా. అంతలో మూడు పాటలు అయిపోయినాయి. జనం ఫోన్లు చూసుకుంటాండారు.

మరలు బిగించి, స్పిరిట్ ఆరేదాకా ఊది, వైరు గుచ్చి లేచినా. "ట్రాక్ ఆపు, నేను వాయిస్తా" అన్నా.

"రిస్కు వద్దు శశీ. ఇంటికి పోయి రెస్టు తీసుకో" అన్నాడు క్రాంతి, మైకు పక్కకు జరిపి. మీట నొక్కేసినాడు. పాట మొదలైంది.

నేను చెప్పులిడిచినా. స్టేజీ అంతా బీరు ఒలికి జిగటగా ఉండాది. ఉండనీ. యాంప్ వేసి లావు తీగ మీటినా. చరచర లేదు. పసుపు కుంకుమ పట్టిన తీగ గదా, మెరుపు ల్యాకుండా, మందంగా, బొంగురుగా దుమ్మని మోగింది. ఆ మోత నేలలోంచి నా మడమలకు తగిలింది. వచ్చింది! ల్యాప్‌టాప్ దాని తాళంలో అది పోతాంటే, నేను దాన్ని పట్టించుకోకుండా నా తాళం పట్టినా. ఒక నిమిషం అంతా సంత గోల. డ్రమ్మర్ ల్యాప్‌టాప్ వెంట పోతే నా పని సరి.

ల్యాప్‌టాప్ తాళం ఏసుబాబుకు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి వినిపిస్తాండారు. వాడు క్రాంతి దిక్కు చూసినాడు, నా వట్టికాళ్ళ దిక్కు చూసినాడు. ఇయర్‌ఫోన్ పీకి పారేసినాడు. వాని పెద్ద డ్రమ్ము నా తీగతో కలిసి పడింది. ఇంగ క్రాంతికి దారి లేదు. పాడతానే వంగి ల్యాప్‌టాప్ మూసినాడు.

జనమేమీ కుర్చీల మీదికెక్కి ఎగరలేదు. అబద్ధమెందుకు చెప్పాల? కానీ ఫోన్లు పక్కకు పోయినాయి. టేబుళ్ళ కింద కాళ్ళు ఆడబట్టినాయి. రెండు పాటలయ్యేసరికి కిటికీ పక్కనున్న గుంపు లేచి చిందులేసింది. నా వేళ్ళన్నీ పసుపు రంగైపోయినాయి. వాయిస్తానే ఉన్నా, ఆఖరు పాటదాకా.

అయిపోయినాక భూపేష్ వచ్చినాడు. "మొదట్లో చప్పగా ఉన్నింది, మధ్యలో ఏం మార్చినారప్పా?"

క్రాంతి కొంచెం సేపు గిటార్ తీగలు తుడుచుకున్నాడు. "బేస్" అన్నాడు, నన్ను చూడకుండా. "శనివారం నుంచి అట్లే రండి" అని భూపేష్ వెళ్ళిపోయినాడు.

నేను గిటార్‌తో అమ్మ దగ్గరికి పోయినా. ఆమె ఫ్యామిలీ సెక్షన్‌లో సోడా తాగకుండా అట్లే పెట్టుకుని కూర్చోనుండాది. చెప్పులు పక్కనుండాయి. పాదాలు రెండూ నేలకు ఆనించి ఉండాయి.

"వినబడిందా మా?"

"వినబడ్లేదే" అనింది. "కాళ్ళకు తెలిసింది. మీ నాయన మగ్గం తొక్కుతాంటే పడసాల అదిరినట్ల."

నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఈసారి కోపం తోడు రాలేదు.

క్రాంతి వచ్చి, "నేను బయటిదాకా మోస్తాలే శశీ" అని గిటార్ మీద చెయ్యి వేయబోయినాడు. మాటతో చెప్పలేని క్షమాపణ అది. నాకు అర్థమైంది. తీసుకోమని నేను తలూపేలోపే అమ్మ అడ్డం నిలబడింది.

"ఏమప్పా, ఆగు. చెప్పులిడిచి ముట్టుకో."

క్రాంతి నన్ను చూసినాడు. నేను వాని బూట్ల దిక్కు చూసినా. వాడు అక్కడే వంగి బూట్లు విప్పబట్టినాడు. మోకాళ్ళ దాకా లేసులు గదా, శానా సేపు పట్టింది. అమ్మా నేనూ నిలబడి చూస్తాంటిమి.