పాట కింద పేరు

"పేరెందుకే? ఎవులు రాసినారో దేవుడికి తెల్దా యేటి?"

శనివారం గిన్నెలు తోముకుని వచ్చి, తను కట్టిన పాటను పరంజ్యోతి ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, కింద తన పేరు కొడుతుంటే మొగుడు శాంతికుమార్ అన్న మాట అది. ఆమదాలవలసలో వాళ్ల చర్చికి అతను పెద్ద. మూడేళ్లుగా ఆదివారం పాటలన్నీ టైపు చేసేది ఆమె. చర్చిలో వాటిని ప్రొజెక్టర్ తెర మీద చూపిస్తూ అందరి మెప్పూ అందుకునేది మరిది ధనరాజ్. రూతమ్మలాంటి ముసలమ్మలకు పుస్తకంలో అక్షరం ఆనదు. అందుకే పరంజ్యోతి ప్రతి వారం ల్యాప్‌టాప్‌ను ఇంట్లో టీవీకి కలిపి, కళ్లజోడు తీసేసి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చదివి చూసుకునేది. మసగ్గా ఉంటే అక్షరాలు ఇంకాస్త పెంచేది. అంత శ్రద్ధగల మనిషి, మొగుడు ఆ మాట అనగానే తన పేరు తుడిచేసింది.

ఆదివారం ఆ కొత్త పాట పాడే వేళకు తెర నీలంగా నిలిచిపోయింది. 'నో సిగ్నల్' అన్న ముక్క తప్ప ఏమీ లేదు. ధనరాజ్ కేబుల్ పీకాడు, ఊదాడు, మళ్లీ గుచ్చాడు. శాంతికుమార్ చేతిలో మైకు వదలకుండానే కుర్చీ ఎక్కి, ప్రొజెక్టర్‌ను అరచేత్తో చరిచాడు.

"కొత్త పాట ఒగ్గీండి. నోటికొచ్చినదేదో పాడేద్దాం."

ఆడవాళ్ల వైపు చాప మీంచి పరంజ్యోతి లేచింది. ఇన్నేళ్లలో ఆ నడిమి దారి దాటి మగవాళ్ల వైపు వెళ్లడం అదే మొదలు.

"ఏటే, కూకో! వైర్లతో నీకేటి పని?"

"ముందు నువ్వు దిగు, పడిపోతావు. ధనరాజూ, లెగు."

కేబుల్ జోలికే ఆమె పోలేదు. ఇంట్లో టీవీకి చేసినట్టే, విండోస్ గుర్తున్న మీటనూ, పి అక్షరాన్నీ కలిపి నొక్కి, వచ్చిన వాటిలో రెండోది, ల్యాప్‌టాప్‌లో ఉన్నదే తెర మీదా చూపేది, ఎంచుకుంది. తెర ఒక్కసారి నల్లబడి, తెల్లగా వెలిగింది. పాట వచ్చింది.

"సాల్లే, ఇంకెల్లి కూకో" అన్నాడు శాంతికుమార్, గొంతు తగ్గించి.

ఆమె కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. దేవుడికి తెలుసు, సరే. రూతమ్మకు తెలియొద్దా? చివరి చరణం కిందికి దిగి, అందరూ చూస్తుండగా, ఒక్కో అక్షరమే కొట్టింది.

"ప... రం... జ్యో... తి" రూతమ్మ కూడబలుక్కుని పైకే చదివింది. "ఓలమ్మ, నువ్వేనేటే రాసినావు! అయితే పాట నువ్వే ఎత్తుకో."

మైకు ఇంకా శాంతికుమార్ చేతిలోనే ఉంది. పరంజ్యోతి చెయ్యి చాపింది.