పక్క గడిలో కారణం

రెండో జొన్నరొట్టె పెనం మీద ఉండగా అండమాన్ నుంచి మా సార్ ఫోన్ చేశారు. "జ్వరం తగ్గిందా నవతా? మేం పడవెక్కుతున్నాం." వెనకాల సముద్రం హోరు.

నాకు జ్వరమెప్పుడొచ్చింది? గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న నా భర్త మహిధర్ తల ఎత్తలేదు. అర్థమైంది. "తగ్గింది సార్," అన్నాను. మహిధర్ పరువు కాపాడటానికి నా నోరు తనంతట తనే అబద్ధమాడింది.

రెండేళ్లుగా జహీరాబాద్‌లో ఈ వంటింటి పక్కగదిలో కూర్చుని అండమాన్‌లోని ఒక ద్వీపంలో ఉన్న అగ్నిపర్వతాన్ని కనిపెట్టుకుని ఉన్నాను. అక్కడ పాతిన పరికరాలు నేల లోపలి విద్యుత్తు, అయస్కాంత మార్పులను నా కంప్యూటర్‌కు గీతలుగా పంపుతాయి. లోపల రాయి కరిగి పైకొస్తుంటే విద్యుత్తు తేలిగ్గా పారుతుంది. పైన పొగ కూడా లేని రోజుల్లో ఆ మార్పును మొదట పట్టింది నేనే. అందుకే కొత్త పరికరాలు పాతే బృందంలో నన్ను చేర్చారు. సముద్రం నెమ్మదించగానే పిలుస్తామన్నారు. ఫోన్ పెట్టేసి మహిధర్‌ని అడిగితే, ఆ పిలుపు ఐదు రోజుల కిందటే వచ్చిందట. నేను స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ ఎత్తి, నాకు జ్వరమని చెప్పింది తనే.

"అమ్మకు మోకాళ్ల నొప్పులు. నువ్వు పోతే ఇల్లెవరు చూస్తరు? వద్దంటే ఏడుస్తవని నేనే జర సర్దిచెప్పిన," అన్నాడు, మేలు చేసినవాడిలా.

"ఇంట్ల కూసొనే గీతలు చూస్తవు గద బిడ్డా, గక్కడికి పోతే ఏమన్న ఎక్కువ కనిపిస్తదా?" అంది అత్తమ్మ.

మళ్లీ పడవ రెండేళ్లకు గాని లేదు. ఆ నల్లటి ఒడ్డున ఒక్కసారి నేలకు అరచేయి ఆనించి చూడాలనుకున్నాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. మహిధర్ ఫ్యాక్టరీకి వెళ్లాక గ్యాసుబండ పక్కన కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. తొమ్మిదేళ్లుగా నా తరఫున ఆయన చెప్పిన మాటలన్నీ గుర్తొచ్చాయి. "మా ఆమె కారం తినది." "మా ఆమెకు తిరుగుడంటే ఇష్టముండది." విని విని నేనే నమ్మాను.

మొహం కడుక్కుని కంప్యూటర్ తెరిచాను. బృందమంతా చూసే రిజిస్టరు. గీతలో ఎక్కడ తేడా కనబడినా పక్క గడిలో కారణం రాయాలి: మెరుపు, దగ్గరగా పోయిన ఓడ, తెగిన తీగ. తెలిసిన కారణం దాచామా, భూమే మారిందనుకుని అందరం మోసపోతాం. తప్పు కారణాలను దిద్దడమే నా ఉద్యోగం.

ఈరోజు పేజీలో బృందం పేర్లున్నాయి. నా పేరు కొట్టేసి ఉంది. పక్క గడిలో: జ్వరం.

ఆ మాట చెరిపేశాను. "నవతకు జ్వరం లేదు. ఆమెను అడగకుండా, రాదని భర్త చెప్పాడు," అని రాసి, దిద్దినవారి పేరు దగ్గర నా పేరు పెట్టి అందరికీ పంపాను.