మా మనుషుల్ని మేమే ఎంచుకుంటం

లీలమ్మను మోసుకురావడం నేను కళ్లారా చూశాను.

1995 మే నెల. నారాయణఖేడ్ దాటి మనూర్ పోయే రోడ్డు మీద విత్తనాల ఫ్యాక్టరీ గేటు దగ్గర మా కూలీ సంఘం కరపత్రాలు పంచుతున్నాను. సముద్రాల అవతల పెద్దాఫీసు ఉన్న కంపెనీ అది. ఎన్నో దేశాల్లో దానికి ఫ్యాక్టరీలున్నాయి. ఇక్కడ నూట ముప్పై మంది పనిచేసేవాళ్లు, నూరు మందికి పైగా ఆడవాళ్లే. బెల్టు మీద జొన్న, పొద్దుతిరుగుడు విత్తనాలు పారుతుంటే పుచ్చులూ రాళ్లూ ఏరేయడం వాళ్ల పని. ఏరిన విత్తనానికి పురుగు పట్టకుండా ఎర్ర మందు పట్టించే షెడ్డు వేరే ఉంది. ఆ షెడ్డులో గాలిని బయటికి లాగే ఫ్యానును నాలుగు నెలల కింద ఊడదీశారు. రిపేరుకన్నారు. అది మళ్లీ రాలేదు.

మందు షెడ్డులో పనిచేసే లీలమ్మను నలుగురు ఆడవాళ్లు చేతుల మీద మోసుకొచ్చి గేటు నీడలో పడుకోబెట్టారు. ముక్కు చుట్టూ, పెదవుల మీద ఎర్ర పొడి. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీలోంచి ఈల వేసినట్టు చప్పుడు.

సూపర్‌వైజర్ బాలప్ప వెనకే వచ్చాడు. "పొద్దుగాల ఏం తినకుండ వచ్చి ఉంటది. గందుకే పడ్డది."

"తిన్నది," అంది ఒకామె. పొట్టి మనిషి, గొంతు మాత్రం గట్టిది. "నా పక్కన కూసొని రొట్టె తిన్నది. నీ మందు తిన్నంకనే పడ్డది."

ఆమె శంకరమ్మ. ఎనిమిదేళ్లుగా బెల్టు మీద పనిచేస్తోంది. తాగే నీళ్ల కోసం ఒకసారి, మూత్రానికి పోయే టైము కోసం ఒకసారి కొట్లాడింది. బెల్టు మీద ఎవరికి కష్టమొచ్చినా ముందు ఆమెకే చెప్పుకునేవాళ్లు.

లీలమ్మను ఆటోలో దవాఖానకు పంపాక, జనం పోకుండా నిలబడ్డారు. మేనేజరు బయటికి వచ్చాడు.

"నూట ముప్పై మందితో నేనొక్కణ్ని మాట్లాడలేను. మీ తరఫున ఐదుగురితో సంఘం వేస్తాను. పెద్దాఫీసు నుంచి కూడా అదే ఆర్డరు వచ్చింది. ఇకనుంచి ఏం చేసినా మిమ్మల్ని అడిగే చేస్తాం," అన్నాడు.

చప్పట్లు మోగాయి. శంకరమ్మ కూడా కొట్టింది. ఆ ఐదుగురిలో మొదటి పేరు తనదేనని ఆ రోజంతా అనుకుంది.

ఇక్కడి నుంచి కథను ఒకరిని దేవతను చేసి చెప్పొచ్చు. శంకరమ్మే వద్దంది. "నా కడుపుమంట గూడ చెప్పు అన్నా. గది ఇడిసిపెడ్తే అంత అబద్ధమైతది," అంది. అందుకే చెప్తున్నాను.

మూడో రోజు నోటీసు అంటించారు. మొదటి పేరు ఇంద్రమ్మ. మిగతా నలుగురూ బాలప్ప మనుషులు. శంకరమ్మ పేరు ఎక్కడా లేదు.

ఇంద్రమ్మ నాగల్‌గిద్ద దిక్కు రైతుల బిడ్డ. కందిచేను ఉంది, ఏడో తరగతి దాకా చదువుంది, మెల్లగా మాట్లాడుతుంది. బెల్టు మీదికి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ఆమెకు పేరు రాసిన బిళ్ల ఇచ్చారు. శనివారం శనివారం చల్లటి గదిలో మీటింగు. తిరిగొచ్చి పక్కన నిలబడితే ఆమె నోట్లోంచి ఏలక్కాయ చాయ వాసన వచ్చేది. ఆ వాసనకు శంకరమ్మకు తల తిరిగేది. ఇంద్రమ్మ చీరకు పిన్నుతో పెట్టుకున్న ఆ బిళ్లనే చూస్తూ రాళ్లను వదిలేసి మంచి గింజలు ఏరి పారేసేది. బాలప్పతో రెండుసార్లు తిట్లు తింది.

ఇంట్లో మొగుడు మొగులప్ప నవ్వాడు. "నువ్వు లొల్లి పెడ్తవని తీస్కోలే. గంతే."

"లొల్లి పెట్టినందుకే నీళ్లొచ్చినయి. ఆ నీళ్లు తాగుకుంట గామె కుర్చీల కూసున్నది. ఎనిమిదేండ్లు నిలబడ్డది నేను."

"అయితే ఏమంటవ్? కుర్చీ కావాల్నా నీకు?"

శంకరమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. కావాలి. అది ఆమెకు తెలుసు.

ఆ తర్వాత ఆమె బెల్టు మీద చెవుల్లో ఊదడం మొదలుపెట్టింది. పటేండ్ల బిడ్డకు కూలోళ్ల బాధ ఏం తెలుస్తదని. చాయ తాగుకుంట మనల్ని అమ్ముతదని. అందులో కొంత నిజం, కొంత మంట. ఏది ఎంతో ఆమెకే తెలియదు.

ఒకరోజు పని అయిపోయాక ఇంద్రమ్మ ఆమె వెంట రోడ్డు దాకా వచ్చింది. చేతిలో మడతపెట్టిన కాగితాలు.

"శంకరమ్మక్కా, గివన్ని ఇంగ్లీషుల ఉన్నయి. రేపు పొద్దుగాల దస్కతు పెట్టాలంటున్నరు. ఏమున్నదని అడిగితే మంచిదే ఉన్నదంటరు. నీకు సంగారెడ్డి వకీలు ఎరుకే కదా. ఒక్కసారి చూపియ్యరాదు?"

శంకరమ్మ ఆగింది. కాగితాల వైపు చూడలేదు, బిళ్ల వైపు చూసింది.

"నన్నెందుకు అడుగుతవ్? నన్నెవ్వరు ఎంచుకోలే. నిన్ను ఎంచుకున్నరు, నువ్వే చూస్కో."

"అక్కా, నాకు భయమైతుంది."

"చల్లటి గదిల కూసునేటప్పుడు కాలేదా భయం?"

ఇంద్రమ్మ చాలాసేపు రోడ్డు పక్కన నిలబడే ఉంది. మరునాడు సంతకం పెట్టింది.

రెండు వారాలకు పెద్దాఫీసు నుంచి మనుషులొచ్చారు. ఇద్దరు సూట్లవాళ్లు, వాళ్లతో ఒక ముసలామె. తెల్ల జుట్టు కురచగా కత్తిరించుకుంది. ఆమె చేతులు చూసి బెల్టు మీది ఆడవాళ్లు ఆశ్చర్యపోయారు. వేళ్ల కణుపులు తమ వేళ్ల లాగే ఉబ్బి ఉన్నాయి. ఆ దేశంలో అదే కంపెనీలో ముప్పై ఏళ్లు విత్తనం పనిచేసిందట. అక్కడి పనివాళ్లు ఓట్లేసి పంపిన మనిషట. మాట తిప్పి చెప్పడానికి ఊళ్లో ఇంగ్లీషు చెప్పే యోసేపు పంతులును పిలిపించారు.

గోదాములో అందరినీ కూర్చోబెట్టారు. మేనేజరు సంతకాలున్న కాగితం చూపించి, ఇక్కడ కూలీలను అడిగే అన్నీ చేస్తున్నామన్నాడు. ముసలామె ఆ కాగితం తీసుకుని చదివింది. రెండోసారి చదివింది. తలెత్తి ఇంద్రమ్మను ఏదో అడిగింది.

యోసేపు పంతులు ఒక్క క్షణం మేనేజరు ముఖం చూశాడు.

"అవసరమైనంత చెప్పండి చాలు," అన్నాడు మేనేజరు.

"ఆమె అడిగింది నేను చెప్పాలె సార్. గందుకే పిలిచిన్రు నన్ను." ఆడవాళ్ల వైపు తిరిగాడు. "అమ్మా, విత్తనాన్ని రంగు చూసి ఏరే మిషిని వస్తుందంట. అరవై మంది ఆడోళ్లను తీసేసేటందుకు మీరంత ఒప్పుకున్నరని రాసున్నది. మందు షెడ్డుల ఏ తక్లీఫు లేదని గూడ ఉన్నది. నిజంగ ఒప్పుకున్నరా అని అడుగుతుంది."

ఇంద్రమ్మ బిళ్లను కొంగుతో కప్పుకుంది.

వెనక నుంచి, బెల్టు మీద పనిచేసే సంగమ్మ లేచింది. "మీ దగ్గర ఎట్ల చేస్తరు? అడుగు పంతులూ."

ముసలామె చాలా మాట్లాడింది. యోసేపు చెప్పాడు. "మా దగ్గర కొత్త మిషిని తేవాలంటే మూడు నెలల ముందుగాల మాకు చెప్పాలె. కాయిదాలన్నీ మా భాషల ఇయ్యాలె. మేం ఎంచుకున్నోళ్లు చదివి, వద్దంటే మళ్ల మాట్లాడాలె. మందు కాడ గాలి లేకుంటే మేం పని బంద్ చేస్తం, ఎవ్వరు ఏమనరు. అంటుంది."

అదే కంపెనీ. అదే విత్తనం. అదే ఎర్ర మందు. ఆ ఆడవాళ్ల కళ్లల్లో నిప్పులు పోసుకున్నట్టయింది. ఆ తెల్ల జుట్టామె మీద వాళ్లకు కోపం రాలేదు, కానీ ఆమె ఊపిరితిత్తుల మీద ఈర్ష్య పుట్టింది. "గామెకు ఉన్నది మనకెందుకు లేదు?" అని సంగమ్మ పైకే అంది. ఆ ప్రశ్నకు సూట్లవాళ్లు వాచీలు చూసుకున్నారు.

గేటు బయటికి రాగానే ఇంద్రమ్మ చుట్టూ మూగారు. "అమ్ముకున్నవు గదనే!" ఎవరో బిళ్ల పీకేశారు, చీర చిరిగింది. శంకరమ్మ దూరంగా నిలబడి చూసింది. ఆ క్షణం తన నోరు తీపి అయిందని ఆమె నాతో చెప్పింది. ఇంద్రమ్మ ఆమె వైపు ఒక్కసారి చూసింది. నిన్ను అడిగాను కదా అనలేదు. ఎవరితోనూ అనలేదు.

ఆదివారం యోసేపు పంతులు బడి వరండాలో మీటింగు. నూట ఇరవై మంది వచ్చారు. దవాఖాన నుంచి వచ్చిన లీలమ్మ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఒక్కటే అరుపులు. ఇంద్రమ్మను వెలెయ్యాలని కొందరు, అరవై మందిలో ఎవరున్నారో ముందు తేల్చాలని కొందరు. పేర్లు తెలిస్తే మిగతావాళ్లు బతికిపోతామనే ఆశ ఆ గొంతుల్లో వినిపించింది. కంపెనీకి కావలసింది కూడా అదే.

శంకరమ్మ లేచింది.

"ఆగున్రి. ఇంద్రమ్మ దస్కతు పెట్టక ముందుగాల నా దగ్గరికి వచ్చింది. కాయిదం వకీలుకు చూపియ్యమన్నది. నేను చూపియ్యలే. గామెను ఎంచుకున్నరు, నన్ను ఎంచుకోలేదని కడుపుల మండింది. నేను ఒక్కమాట చెప్తే ఆ దస్కతు పడకపోతుండె."

ఎవరో ఉమ్మేశారు. లీలమ్మ దగ్గుతూ మాట్లాడింది. మధ్యలో ఆగి ఆగి.

"ఇద్దరికి ఒక్క కుర్చీ ఏసిండు ఆ మేనేజరు. మీరు దానెంబడి పడ్డరు. నా ఊపిరి ఎవ్వరికి యాదికి రాలే." ఊపిరి తీసుకుంది. "కుర్చీ వాడిదైనంక, కూసునేది ఎవరైతేంది?"

వరండా చల్లబడింది. ఇంద్రమ్మ లేచి, "నేను పెట్టిన దస్కతు నేనే కొట్టేస్తా. వాడి ముందలనే," అంది.

అప్పుడు నేను సంగారెడ్డి వకీలును అడిగి తెలుసుకున్నది చెప్పాను. నూరు మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట కూలీల కమిటీ అడిగే దారి చట్టంలోనే ఉంది, అందులో కూలీల మనుషుల్ని ఎంచుకోవాల్సింది కూలీలే. "ఎమ్మెల్యేకు ఓటేస్తం, సర్పంచుకు ఏస్తం. మా బెల్టుకు ఏసుకోరాదా?" అంది సంగమ్మ.

అక్కడే వేసుకున్నారు. పోటీకి నిలబడ్డవాళ్లు తొమ్మిది మంది. క్లాసు గదిలో తొమ్మిది చెంబులు పెట్టి, ఒక్కొక్కరు తమ చీర అంచు చింపి తమ చెంబుకు కట్టారు. ఓటుకు జొన్న గింజ, మనిషికి ఐదు గింజలు. లోపలికి ఒక్కొక్కరే పోయారు. లెక్క తేలేసరికి మధ్యాహ్నం దాటింది. మొదట లీలమ్మ. తర్వాత ఇంద్రమ్మ. ఆమెకన్నా రెండు గింజలు తక్కువతో శంకరమ్మది మూడో స్థానం.

"చెప్పిందంత చెప్పినంక గూడ గామె కిందనే పడ్డ," అని శంకరమ్మ గొణిగింది. కానీ ముందు పోయి ఇంద్రమ్మ పక్కన నిలబడింది.

సోమవారం ఐదుగురూ చల్లటి గదిలోకి పోయారు. మేనేజరు ముందే ఇంద్రమ్మ కాగితం లాక్కుని తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. ఫ్యాను బిగించే దాకా, మిషిని సంగతి తెలుగులో రాసిచ్చి తాము ఎన్నుకున్న ఐదుగురితో మాట్లాడే దాకా బెల్టు నడవదన్నారు. జూన్ మొదటి వారం. మబ్బులు దిగాయి. రైతులు విత్తనం కోసం ఎదురుచూస్తున్నారు, లారీలు గేటు ముందు నిలబడ్డాయి. బెల్టు ఆగింది.

రెండో రోజు మేనేజరు శంకరమ్మను ఒక్కదాన్నే పిలిచాడు.

"అందరికన్నా పాతదానివి నువ్వు. లీలమ్మనూ ఇంద్రమ్మనూ వదిలెయ్. నిన్నే పెద్దను చేస్తాను. పెద్దాఫీసు మీటింగుకు విమానంలో పంపిస్తాను."

విమానం అంటే శంకరమ్మకు ఆశ పుట్టింది. అది కూడా నన్ను చెప్పమంది.

"పోయిన నెల గీ మాటంటే నీ కాళ్లు మొక్కుతుంటి సారూ. ఇప్పుడు నన్ను పంపేటోళ్లు బయట కూసున్నరు. వాళ్లనడుగు."

బయటికి వచ్చి జరిగినదంతా అందరికీ చెప్పింది.

మరునాడు పోలీసు జీపు వచ్చింది. కంపెనీ కాగితం పాడుచేసిందని ఇంద్రమ్మ మీద కేసు. జబ్బ పట్టి ఎక్కించారు. "ఇంద్రమ్మా! ఇంద్రమ్మా!" అని గేటంతా మారుమోగింది.

"గప్పుడు గూడ మండింది అన్నా," అని శంకరమ్మ తర్వాత నాతో నవ్వుతూ అంది. "జీపుల గూడ గామెకే జాగ దొరికెనని."

కానీ జీపు వెనక మొదటి అడుగు వేసింది ఆమే. ఆమె వెనక నూట పదహారు మంది. ఎండలో ఊళ్లోకి నడిచి పోలీస్ స్టేషన్ ముందు నిలబడ్డారు. ఎస్సై బయటికి వచ్చి అరిచాడు. "మీరెందుకొచ్చిన్రు?"

"ఆ గీత ఆమె కొట్టలే, మేం కొట్టిపిచ్చినం. మమ్మల్ని గూడ రాసుకో," అంది శంకరమ్మ.

కానిస్టేబుల్ ఒక్కొక్క పేరూ అడిగి రాయసాగాడు. నలభయ్యో పేరు దగ్గర ఎస్సై కలం లాక్కుని లోపలికి పోయాడు. ఆడవాళ్లు అక్కడే కూర్చున్నారు.

ఇంద్రమ్మను సంగారెడ్డి జైల్లో పదకొండు రోజులు ఉంచారు. ఆ పదకొండు రోజులూ బెల్టు తిరగలేదు. తొమ్మిదో రోజు మందు షెడ్డుకు కొత్త ఫ్యాను బిగించారు. మిషినిని ఆపుతున్నట్టు తెలుగులో కాగితం అంటించారు. ఐదుగురిని మాత్రం కంపెనీ ఇంకా గుర్తించలేదు. లీలమ్మ ఊపిరి మునుపటిలా కాలేదు, ఎప్పటికీ కాదని డాక్టరు చెప్పాడు.

ఇంద్రమ్మ విడుదలైన వారమే కల్హేర్ నుంచి పప్పు మిల్లులో పనిచేసే ఆడవాళ్లు ఎనిమిది మంది వచ్చారు. శంకరమ్మ ఇంటి ముందు కూర్చున్నారు. ఇంద్రమ్మ కూడా అక్కడే ఉంది.

"మా మాలిక్ గూడ కమిటీ ఏస్తనంటుండు. మీరెట్ల చేసిన్రో మాకు చెప్పున్రి," అంది వాళ్లలో పెద్దామె.

శంకరమ్మ ఇంద్రమ్మ ముఖం చూసింది. చాప ఇంకొంచెం పరిచి దగ్గరికి జరిగింది.

"మాలిక్ ముచ్చట తర్వాత. మొదలు మీ ఎనిమిది మందిల ఎవరికి ఎవరి మీద కడుపుమంట ఉన్నదో చెప్పుకోన్రి. ఇక్కడనే చెప్పుకోన్రి. వాడు కుర్చీ ఏయక ముందే."