కోతిబొమ్మ ఎవరి బల్ల మీద?

కళ్ళజోళ్ళ అద్దాలు చేసే ఆఫీసు అది. కింద గదిలో అద్దాలు అరగదీసే యంత్రాలు, పై హాల్లో వాటికి నంబర్లు ఎక్కించే మనుషులు. ఆ మనుషుల్లో అందరికన్నా వెనక వచ్చింది కొత్తమ్మాయి. అక్కడ పాతుకుపోయిన వదిన, అంటే మొగుడి అక్క, తనే చెప్పి పెట్టించింది.

"నా మాట మీద తీసుకున్నారే నిన్ను. ఉంచుతారో పొమ్మంటారో ఈ వారం మేనేజరమ్మ తేలుస్తుంది. అందాకా నా పరువు తియ్యకు తల్లీ" అని వదిన రోజూ మెట్లెక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి చెప్పేది.

ఆ హాల్లో ఒక వింత అలవాటు ఉండేది లెండి. కంప్యూటర్లు చూసుకునే ఆయన్ని తాళాలాయన అనేవాళ్ళు. ఏ మాట అడిగినా "తాళం మార్చావా?" అనేవాడు మరి, అంటే పాస్‌వర్డు. ఎవరు మోసపోతారో చూద్దామని అప్పుడప్పుడు దొంగ మెయిళ్ళు తనే పంపేవాడు. తెరిచినవాళ్ళ బల్ల మీదికి ఎర్రమూతి కోతిబొమ్మ వచ్చి కూర్చునేది. వారం పాటు దారిన పోయేవాళ్ళంతా దాని బుగ్గ గిల్లి, పక్కనున్న మనిషిని చూసి నవ్వేవాళ్ళు. ఆ నవ్వులు పడలేక ఒకావిడ సెలవు పెట్టి ఇంట్లో కూర్చుందంటే చూసుకోండి!

ఆ రోజు పొద్దున కొత్తమ్మాయికి వదిన పేరుతో మెయిలు వచ్చింది. 'కొత్త అంతస్తులో ఎవరి కుర్చీ ఎక్కడ? ఇంకెవరికీ చెప్పకు' అని. ఆఫీసు ఇంకో అంతస్తు పైకి మారబోతోంది. కిటికీ ఎవరికి, మరుగుదొడ్డి పక్క ఎవరికి అని హాలంతా ఒకటే రంధి. పైగా పంపింది వదినాయె! తెరిచేసింది. తెర ఒకసారి మినుక్కుమంది. అంతే, కుర్చీలూ లేవు, కిటికీలూ లేవు.

తాళాలాయన పనే అనుకుంది. కోతి అప్పుడు పార్సిళ్ళాయన బల్ల మీద ఉంది. ఇక వస్తుంది, ఇప్పుడొస్తుంది అని మెడ తిప్పి తిప్పి చూసింది. రాలేదు. వచ్చేసినా ఒక గొడవ వదిలేది. నీళ్ళు తాగింది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఇంతలో తెర మీద ఆర్డర్ల పేర్లు ఒక్కొక్కటే పిచ్చిగీతలైపోవడం మొదలయింది.

పరుగున వదిన దగ్గరికి పోయింది. వదిన తెరకి అట్ట అడ్డం పెట్టుకుని గోళ్ళు కొరుకుతోంది.

"వదినా, నువ్వు పంపిన కుర్చీల మెయిలు..."

"నేను పంపలేదే! పొద్దున నాకూ ఎవరి పేరుతోనో వచ్చింది, తెరిచాను. అది నా పేరు తగిలించుకుని ఊరంతా తిరుగుతోంది."

"మరి చెప్పలేదేం?"

"చెప్పి? ఈ వయసులో నా పక్కన కోతిని కూర్చోబెట్టుకోనా? నువ్వూ నోరు కట్టుకో. ఉద్యోగం కావాలా, వద్దా?"

కొత్తమ్మాయి తిరిగొచ్చి కూర్చుంది కానీ కుర్చీ నిలవనివ్వలేదు. హాలంతా చూసింది. ఒకాయన కంప్యూటర్ ఆపుతున్నాడు, వేస్తున్నాడు. ఒకావిడ చల్లటి గదిలో విసురుకుంటోంది. పార్సిళ్ళాయన కోతిని ఒళ్ళో పెట్టుకుని దాని తోక మెలిపెడుతున్నాడు. అందరికీ తెలుసు, ఒక్కరూ పెదవి కదపరు! కింద యంత్రాలు గుర్రుమంటూనే ఉన్నాయి. ఈ పిచ్చిగీతలు వాటిదాకా పోతే ఎవరి కళ్ళకి ఏ అద్దం పడుతుందో!

లేచింది. తిన్నగా పోయి పార్సిళ్ళాయన ఒళ్ళోంచి కోతిని లాక్కుంది.

"అమ్మాయ్, నా వారం ఇంకా కాలేదు!"

"నాకు అర్జెంటండీ" అంటూ తాళాలాయన ముందు నిలబడింది. "కుర్చీల మెయిలు తెరిచానండీ. ఇదిగో, నేనే తెచ్చేసుకున్నాను."

తాళాలాయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఈ వారం నేనేమీ పంపలేదే!"

ఇక చూడండి ఆయన పరుగు! బల్లల కింద దూరి తీగలు పీకాడు, కింద యంత్రాలు ఆపించాడు. హాలు మధ్య చెమటలు కక్కుతూ, "అది మొదట ఎవరి దగ్గర, ఎప్పుడు దూరిందో తెలియాలి. అది దూరకముందు దాచిన నకలు తీస్తేగానీ ఆర్డర్లు దక్కవు. నీకెవరి పేరుతో వచ్చిందమ్మా?" అన్నాడు.

కొత్తమ్మాయి వదిన వైపు చూడబోయి మానుకుంది. కోతిని గుండెకి అదుముకుని నేల చూపులు చూసింది.

వెనకనించి కుర్చీ కిర్రుమంది. "ఇలా తే దాన్ని" అని వదిన వచ్చి కోతిని లాక్కుంది. "నా పేరుతో. పొద్దున రాగానే తెరిచాను. పిల్లనేం అడుగుతావు, నన్నడుగు."

"పొద్దున్నే చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేదా అక్కా?"

"చెబితే ఏమిస్తావు నాయనా? ఇదేగా!" అని కోతిని ఆయన చేతిలో కుక్కింది.

పార్సిళ్ళాయన మెల్లిగా చెయ్యెత్తి, "నేనూ తెరిచానయ్యా. కోతి ఎలాగూ నా దగ్గరే ఉంది కదా అని..." అన్నాడు. ఆ వెనక ఇంకో చెయ్యి, ఇంకో చెయ్యి.

సాయంత్రానికి ఆర్డర్లు చాలామటుకు దక్కాయి. మేనేజరమ్మ మాత్రం పొద్దుగూకేదాకా గదిలోంచి బయటికి రాలేదు.

వదినా మరదలూ బస్సు కోసం నిలబడ్డారు. వదిన కాలు ఒక చోట ఆగడం లేదు. ఇంతలో కొత్తమ్మాయి ఫోను మోగింది. మేనేజరమ్మ పేరుతో మెయిలు. 'నీ ఉద్యోగం సంగతి' అని, దాని తోకకి ఏదో కాగితం. వేలు దానంతటదే ముందుకు పోయింది.

"ఆగవే!" వదిన చెయ్యి పట్టేసుకుంది. "పద, ఆవిణ్ణే అడుగుదాం."

బస్సు వచ్చింది, పోయింది. ఇద్దరూ ఆయాసపడుతూ వెనక్కి పరుగెత్తారు. మేనేజరమ్మ గేటు దగ్గర ఎదురుపడింది.

"మెయిలు పంపింది మీరేనా అమ్మా?" అంది కొత్తమ్మాయి.

"నేనే. తెరిచి చూసుకో."

"తెరవనమ్మా. నోటితో చెప్పండి."

మేనేజరమ్మ ఆ రోజంతటికీ అప్పుడే నవ్వింది. "ఉంచుకున్నాంలేవే!"

కొత్తమ్మాయి గేటు పట్టుకుని నిలబడిపోయింది. వదిన కళ్ళు తుడుచుకుని, "పైకి మారాక ఇది నా పక్కనే కూర్చుంటుందమ్మా. కిటికీ మటుకు నాకు" అంది.

"కుర్చీల సంగతి ఇంకా ఏమీ అనుకోలేదమ్మా తల్లీ!" అంటూ మేనేజరమ్మ గబగబా అడుగులేసింది.